చేతికి వేరే చూపుంది

మా పెద్దనాన్నకు నాలుగేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. కాళ్ళూ చేతులూ పడిపోలేదు, మాట పోలేదు. రెండు వారాల్లో ఇంటికొచ్చేశారు. పొద్దున్నే పేపరు చదివేవారు, టీవీలో స్కోరు చూసి చెప్పేవారు. కానీ కాఫీ గ్లాసు కుడిపక్క స్టూలు మీద పెడితే అందుకోలేకపోయేవారు. చెయ్యి గ్లాసుకు బెత్తెడు అవతల గాల్లో మూసుకునేది. లేదంటే వేళ్ళ వెనకభాగం తగిలి కాఫీ అంతా ఒలికిపోయేది. "గ్లాసు కనబడుతోందా పెద్దనాన్నా?" అని అడిగితే, "కనబడకేంరా, స్టీలు గ్లాసు, అంచు దాకా పోసింది మీ పెద్దమ్మ" అనేవారు. ఇంట్లోవాళ్ళు కళ్ళజోడు రెండుసార్లు మార్పించారు. కంటి డాక్టరు కళ్ళు బాగున్నాయన్నారు. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి చేతిలో బలం బాగుందంది. ఇద్దరూ నిజమే చెప్పారు. దెబ్బ తిన్నది కంటికీ చేతికీ మధ్య ఉన్న దారి.

ఆ దారి ఎలాంటిదో తెలుసుకోవాలని అప్పటినుంచి చదువుతున్నాను. చదివేకొద్దీ నాకు ఆశ్చర్యం పెరిగింది, పెద్దనాన్న గ్లాసు అందుకోలేకపోవడం మీద కాదు, మిగతావాళ్ళం రోజుకు వందలసార్లు తప్పకుండా అందుకోగలగడం మీద.

ముందు అది ఎంత పెద్ద లెక్కో చూడండి. గ్లాసు బొమ్మ కంటి వెనకనున్న రెటీనా మీద ఒకచోట పడుతుంది. ఆ బొమ్మ చెప్పేది, నా చూపు నిలిచిన చోటి నుంచి గ్లాసు ఎంత పక్కగా ఉందన్న సంగతి మాత్రమే. చేతికి కావలసింది భుజం నుంచి గ్లాసు ఎటువైపు, ఎంత దూరం అన్నది. ఈ రెండిటికీ మధ్య కన్ను ఎటు తిరిగి ఉంది, మెడ ఎటు తిరిగి ఉంది, చెయ్యి ఇప్పుడెక్కడుంది అన్న లెక్కలన్నీ కలవాలి. ఎదురుగా టేబుల్ మీద ఒక పెన్ను పెట్టుకుని, తల తిప్పకుండా కళ్ళు మాత్రం పక్కకు తిప్పి దాన్ని తీసి చూడండి. రెటీనా మీద పెన్ను బొమ్మ పడే చోటు పూర్తిగా మారిపోయింది. అయినా చెయ్యి దాదాపు తిన్నగా పెన్ను దగ్గరికే వెళ్తుంది. 1985లో అమెరికాలో రిచర్డ్ ఆండర్సన్ బృందం కోతుల మెదడులో, నడినెత్తికి కాస్త వెనకగా ఉండే పరైటల్ భాగంలో, ఈ లెక్క ఎలా జరుగుతుందో కొంత పట్టుకుంది. అక్కడి ఒక్కో నాడీకణం రెటీనాలో తన వంతు చోట వెలుగు పడితే స్పందిస్తుంది. అయితే ఎంత గట్టిగా స్పందిస్తుందన్నది కన్ను ఎటు తిరిగి ఉందన్న దాన్నిబట్టి పెరిగి తరిగిపోతుంది. అంటే బొమ్మ సంగతీ, కంటి సంగతీ ఒకే కణంలో కలిసిపోతున్నాయి. అలాంటి కణాలు వేలకొద్దీ కలిస్తే, శరీరాన్నిబట్టి వస్తువు ఎక్కడుందో అందులోంచి రాబట్టుకోవచ్చు.

చెయ్యి వైపు లెక్క ఇంకా చిక్కు. భుజం మూడు రకాలుగా కదులుతుంది, మోచేయి ఒక రకంగా, ముంజేయి మెలిదిరగడం ఇంకొకటి, మణికట్టు రెండు రకాలుగా. మొత్తం ఏడు. వేళ్ళ సంగతి ఇందులో కలపనే లేదు. ఒక చోటికి చెయ్యి చేరడానికి మూడు కొలతలు చాలు, మన దగ్గర ఏడున్నాయి కాబట్టి ఏ గ్లాసునైనా లెక్కలేనన్ని విధాలుగా అందుకోవచ్చు. మరి మెదడు వాటిలో ఒకదాన్ని ఎలా ఎంచుకుంటుంది? 1920లలో మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టైన్ సుత్తితో ఉలి మీద కొట్టే పనివాళ్ళ చేతుల్ని ఫిల్ము తీసి కొలిచాడు. దెబ్బ దెబ్బకూ భుజం, మోచేయి, మణికట్టు ఒకేలా కదలడం లేదు. సుత్తి కొన మాత్రం దాదాపు ఒకే దారిలో వెళ్తోంది. ఒక కీలు చేసిన తప్పును ఇంకో కీలు సర్దుతోందన్నమాట. మన ఊళ్ళో కమ్మరి పని చూసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. ఆయన చూపు ఇనుము మీదే ఉంటుంది, భుజం సంగతి భుజమే చూసుకుంటుంది.

ఇక కంటినుంచి వచ్చిన సమాచారం మెదడులో ఎటు వెళ్తుందో చూద్దాం. ముందుగా తల వెనకభాగానికి చేరుతుంది. అక్కడినుంచి, ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలినట్టు, రెండు పాయలవుతుంది. ఒకటి కిందగా, చెవి పక్కనుండే టెంపొరల్ భాగం వైపు. రెండోది పైకి, పరైటల్ భాగం వైపు. 1982లో లెస్లీ అంగర్‌లీడర్, మోర్టిమర్ మిష్కిన్ ఈ పాయలకు ఒక అర్థం చెప్పారు: కిందిది వస్తువు ఏమిటో చూస్తుంది, పైది ఎక్కడుందో చూస్తుంది. పదేళ్ళపాటు అందరూ అదే పాఠం చదువుకున్నారు. దాన్ని మార్చి చెప్పడానికి కారణమైంది ఒక యువతి.

వైద్య పత్రికల్లో ఆమె పేరు డి.ఎఫ్. అన్న రెండు అక్షరాలే. స్కాట్లండ్‌కు చెందిన ఆమె ఇటలీలో ఉండేది. 1988లో, 34 ఏళ్ళ వయసులో, స్నానాల గదిలోని హీటర్ సరిగ్గా పనిచేయక వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ వల్ల ప్రాణం మీదికొచ్చింది. బతికి బయటపడింది గానీ, వస్తువుల ఆకారాన్ని గుర్తుపట్టే శక్తి పోయింది. రంగులు తెలుస్తాయి, పైతలం నునుపో గరుకో తెలుస్తుంది, ఆకారం తెలియదు. మెదడు శాస్త్రవేత్తలు డేవిడ్ మిల్నర్, మెల్విన్ గుడేల్ ఆమెను పరీక్షించారు. ఒకరోజు ఆమె ముందు పెన్సిల్ పట్టుకుని ఇదేమిటని అడిగారు. పసుపు రంగు అంది. ఏ వస్తువో చెప్పలేకపోయింది. నిలువుగా ఉందో అడ్డంగా ఉందో కూడా చెప్పలేకపోయింది. తర్వాత చెయ్యి చాపి దాన్ని వాళ్ళ చేతిలోంచి తీసుకుంది. తడుముకోలేదు. పెన్సిల్ ఎటు వాలి ఉందో అటే మణికట్టు ముందుగానే తిరిగింది, వేళ్ళు తగినంతే తెరుచుకున్నాయి.

తర్వాత దాన్నే పద్ధతిగా పరీక్షించారు. పోస్టు డబ్బా నోరులాంటి సందు ఉన్న పలక ఒకటి పెట్టారు. ఆ సందును ఏ కోణంలోకైనా తిప్పవచ్చు. చేతిలోని కార్డును సందు ఉన్న కోణంలోకి తిప్పి చూపించమంటే ఆమె అంచనాలు చెల్లాచెదురు. సరే, ఉత్తరం వేసినట్టు దాన్ని అందులో వేసెయ్యమంటే చెయ్యి బయల్దేరినప్పటినుంచే తిరుగుతూ వెళ్ళి తేలిగ్గా వేసేసింది. 1991లో ఈ ఫలితాలు నేచర్ పత్రికలో వచ్చాయి. మరుసటేడు గుడేల్, మిల్నర్ కొత్త మాట చెప్పారు. రెండు పాయలూ ఒకే వస్తువును చూస్తున్నాయి, కానీ వేరే పనుల కోసం. కింది పాయ మనకు ప్రపంచాన్ని తెలియజేస్తుంది. పై పాయ చేతికి దారి చూపిస్తుంది, దాని పని చాలావరకు మన ఎరుకకు రాదు.

నా మనసులో బాగా నాటుకుపోయింది ఆ తర్వాత చేసిన చిన్న మార్పు. వస్తువు చూపించి, కనబడకుండా చేసి, 2 సెకన్లు ఆగాక, అది అక్కడే ఉందనుకుని పట్టుకున్నట్టు చెయ్యి చాపమన్నారు. మామూలువాళ్ళ వేళ్ళు గుర్తున్న వస్తువుకు తగ్గట్టే తెరుచుకుంటాయి. డి.ఎఫ్. వేళ్ళకు ఆ కొలత పోయింది. చేతికున్న చూపుకు జ్ఞాపకం దాదాపు లేదన్నమాట. ఆలోచిస్తే అది సబబే. గ్లాసు ఉన్న చోటు నేను కదిలిన ప్రతిసారీ నా భుజాన్నిబట్టి మారిపోతుంది, పాత లెక్క దాచుకుని లాభం లేదు. చెయ్యి చాపే క్షణానికి అప్పటికప్పుడు కట్టుకోవాలి.

మా పెద్దనాన్నది డి.ఎఫ్.కు తలకిందులు. ఆకారం తెలుసు, పేరు తెలుసు, ఎంత నిండి ఉందో తెలుసు, చెయ్యి మాత్రం పోదు. దీన్ని మొదట వర్ణించినవాడు హంగరీ డాక్టరు రెజో బాలింట్, 1909లో. ఆయన రోగి సిగరెట్టు కొసకు బదులు నడిమధ్య నిప్పు అంటించబోయేవాడు. మాంసం కోసేటప్పుడు కుడిచేతిలోని కత్తి ప్లేటు బయటికి పోయేది. అదే పని ఎడమచేత్తో చేయిస్తే బాగానే చేసేవాడు. చూపులోనే లోపముంటే రెండు చేతులూ తప్పాలి. కుడిచేతిలో బలమే లేకపోతే ఇతర పనులూ తప్పాలి. రెండూ కాదు కాబట్టి చూపును చేతితో జతచేసే చోట దెబ్బ తగిలిందని బాలింట్ తేల్చి, దానికి ఆప్టిక్ అటాక్సియా అని పేరు పెట్టాడు. 1988లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో పెరెనిన్, విఘెట్టో ఇలాంటి పదిమందిని జాగ్రత్తగా కొలిచి, దెబ్బ పరైటల్ భాగంలో ఉంటే ఇలా అవుతుందని చూపించారు. వాళ్ళలో చాలామందికి చెయ్యి చోటు తప్పడమే కాదు, మణికట్టు తిరగడమూ, వేళ్ళు తెరుచుకోవడమూ తప్పాయి.

వేళ్ళ సంగతి విడిగా చెప్పుకోవాలి. మన కొలతల్లో చాలావాటికి పట్టునుబట్టే పేర్లున్నాయి: చిటికెడు ఉప్పు, గుప్పెడు శనగలు, పిడికెడు అటుకులు, దోసెడు బియ్యం. చిటికెడు అనగానే బొటనవేలూ చూపుడువేలూ కలిసే తీరు మనసులో మెదులుతుంది. ఇలా వస్తువును పట్టు రూపంలో చూసే కణాలు నిజంగానే మెదడులో ఉన్నాయి. జపాన్‌లో హిదెయో సకాతా బృందం 1990లో, కోతి పరైటల్ భాగంలోని ఒక ముడతలో, ఫలానా ఆకారపు వస్తువును పట్టుకున్నప్పుడు గట్టిగా స్పందించే కణాల్ని వివరించింది. వాటిలో కొన్ని ఆ వస్తువును ఊరికే చూసినా స్పందిస్తాయి. అక్కడినుంచి సమాచారం వెళ్ళే ముందరి భాగంలో, ఇటలీలోని పర్మాలో జకోమో రిజ్జొలాటి బృందం, చిటికె పట్టుకు కొన్ని కణాలు, గుప్పిటి పట్టుకు కొన్ని కణాలు ఉన్నాయని 1988లోనే తేల్చింది. సకాతా చెప్పిన ఆ చోటును 1994లో కాసేపు మందుతో మొద్దుబార్చి చూశారు. కోతి చెయ్యి వస్తువు దాకా బాగానే వెళ్ళింది, వేళ్ళు మాత్రం తగ్గట్టుగా అమరలేదు. తగిలాక తడుముకుని సర్దుకుంది. చెయ్యిని చేర్చే దారి ఒకటి, వేళ్ళను అమర్చే దారి ఇంకొకటి, రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయని అలా అర్థమైంది.

రెండూ కలిసి ఎలా నడుస్తాయో కొలిచినవాడు లియాన్‌కే చెందిన మార్క్ జానెరో. చెయ్యి బయల్దేరగానే వేళ్ళు తెరుచుకోవడం మొదలవుతుంది. ప్రయాణంలో మూడింట రెండు వంతుల దగ్గర, వస్తువు కంటే కాస్త ఎక్కువగా తెరుచుకుంటాయి. అక్కడినుంచి మూసుకుంటూ వెళ్ళి, చెయ్యి చేరే సరికి సరిగ్గా అంటుకుంటాయి. పెద్ద వస్తువైతే ఎక్కువగా, చిన్నదైతే తక్కువగా. చెంబు అందుకునే ఎవరి చేతినైనా పక్కనుంచి చూడండి, తగలకముందే చేతిలో చెంబు ఆకారం ఏర్పడి ఉంటుంది.

మా అమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతుంటే ఈ మధ్య పక్కనే కూర్చుని చూశాను. బియ్యపు గింజంత రాయి, దాని రంగూ దాదాపు అదే. రెండు వేళ్ళ కొసలు వెళ్ళి రాయినే పట్టి లేపుతాయి, పక్క గింజ కదలదు. అంతకంటే నన్ను కట్టిపడేసింది అమ్మ కళ్ళు. వేళ్ళు ఒక రాయిని పట్టుకునేసరికి చూపు అక్కడ లేదు, అప్పటికే ఇంకో రాయి మీదికి వెళ్ళిపోయింది. ఇంగ్లండ్‌లో మైకేల్ లాండ్ బృందం 1999లో టీ పెట్టేవాళ్ళ కంటి కదలికల్ని చిత్రీకరించి ఇదే చూసింది. చూపు చేతికంటే సుమారు అర సెకను ముందు నడుస్తుంది. పని బాగా అలవాటైనవాళ్ళు తమ చేతిని దాదాపు చూడనే చూడరు. చెయ్యి రాబోయే చోటును చూస్తారు.

వేళ్ళను విడివిడిగా కదిపే ఈ నేర్పు మెదడు పైపొర నుంచి వెన్నుపాముకు దిగే ప్రత్యేకమైన తీగల వల్ల వచ్చింది. 1968లో లారెన్స్, కయిపర్స్ కోతుల్లో ఆ తీగల్ని కత్తిరించి చూశారు. అవి కోలుకుని, నడిచి, ఊచలు పట్టుకుని ఎక్కగలిగాయి. కానీ చిన్న గుంటలోంచి తిండి ముక్కను రెండు వేళ్ళతో తీయడం మళ్ళీ రాలేదు.

ఇప్పుడు సమయం సంగతి. కంటికి కనబడ్డ మార్పు చేతి కదలికను మార్చేసరికి సెకనులో సుమారు పదోవంతు, అంతకు కాస్త ఎక్కువ పడుతుంది. గ్లాసు అందుకోవడం మొత్తం అర సెకనో ముప్పావో. ఈ ఆలస్యంతో కంటినే నమ్ముకుంటే చెయ్యి ఎప్పుడూ పాత వార్త వింటూ ఉంటుంది. అందుకే మెదడు తానిచ్చిన ఆదేశం నకలును తన దగ్గరే పెట్టుకుని, దాన్నిబట్టి చెయ్యి ఇప్పుడెక్కడికి వచ్చి ఉంటుందో ముందే ఊహిస్తుంది. ఈ ఊహలో చిన్నమెదడుకు పెద్ద పాత్ర ఉంది. చిన్నమెదడు దెబ్బతిన్నవాళ్ళను డాక్టరు "నీ ముక్కు ముట్టుకో, తర్వాత నా వేలు ముట్టుకో" అంటే చెయ్యి దాటిపోతుంది, వెనక్కొస్తుంది, దగ్గరయ్యేకొద్దీ వణుకుతుంది. ఊహ లేక, ప్రతి తప్పునూ జరిగాక దిద్దుకోవాల్సి రావడం వల్ల వచ్చే వణుకది. పెద్దనాన్నకు వణుకు లేదు. చెయ్యి ధీమాగా తప్పు చోటికి వెళ్ళేది. పరీక్షించిన న్యూరాలజీ డాక్టరుకు ఈ తేడాతోనే సగం విషయం తెలిసిపోయింది.

ఊహను సరిదిద్దేది కూడా చిన్నమెదడే. దృశ్యాన్ని పక్కకు జరిపే పట్టక కళ్ళజోడు పెట్టి గురికి విసరమంటే మొదట అందరికీ గురి తప్పుతుంది. కొన్ని పదుల విసుర్లలో కుదురుకుంటుంది. కళ్ళజోడు తీసేస్తే ఈసారి రెండోవైపుకు తప్పుతుంది, అంటే చెయ్యి కొత్త లెక్క నేర్చేసుకుంది. చిన్నమెదడు దెబ్బతిన్న చాలామందికి ఈ కుదురుకోవడం జరగదని 1996లో అమెరికాలో మార్టిన్, థాచ్ బృందం చూపింది. కొత్త కళ్ళజోడు పెట్టుకున్న మొదటిరోజు మెట్టు దగ్గర తడబడి, మూడోరోజుకు మర్చిపోవడంలో మనకు కలిసొచ్చేది ఈ నేర్పే.

దారిలో జరిగే దిద్దుబాటు ఎంత మూగగా జరుగుతుందో 1986లో గుడేల్, పెలిసన్, ప్రబ్లాంక్ చేసిన పరీక్ష చెప్తుంది. చీకట్లో ఒక దీపాన్ని ముట్టుకోమన్నారు. కళ్ళు దానివైపు గెంతే ఆ లిప్తపాటులో దీపాన్ని కాస్త జరిపేశారు. కళ్ళు గెంతేటప్పుడు జరిగిన మార్పు మనకు తెలియదు. దీపం జరిగిందని ఎవరూ గమనించలేదు, అయినా ప్రతి ఒక్కరి చెయ్యీ కొత్త చోటికే వెళ్ళింది. 2000లో పిసెల్లా, రొసెట్టి బృందం, గురి జరిగితే చేతిని ఆపెయ్యమని ముందే చెప్పి పెట్టింది. చాలాసార్లు చెయ్యి ఆగకుండా జరిగిన గురి వైపే తిరిగిపోయింది, ఆపాలన్న మనిషి నిర్ణయం వెనకబడింది. పరైటల్ భాగం రెండువైపులా దెబ్బతిన్న ఒకామెలో మాత్రం ఈ దిద్దుబాటు లేదు.

గ్లాసు అందాక కంటి పని తగ్గి చర్మం పని మొదలవుతుంది. స్వీడన్‌లో రోలాండ్ జొహాన్సన్, యొరాన్ వెస్ట్‌లింగ్ 1984లో చూపినట్టు, జారకుండా ఉండడానికి కావలసినదానికంటే కొంచెమే ఎక్కువగా మనం నొక్కుతాం. పట్టుగుడ్డ చుట్టిన వస్తువును ఎక్కువగా, గరుకు కాగితం అంటించినదాన్ని తక్కువగా. కాస్త జారబోతే సెకనులో పదోవంతు తిరక్కుండానే పట్టు బిగుస్తుంది. వేళ్ళకు మత్తు ఇస్తే ఈ లెక్క పోతుంది. చలికి మొద్దుబారిన వేళ్ళతో అగ్గిపుల్ల గీసినవాళ్ళకు ఇది తెలుసు.

ఇదంతా చదివి రెండు పాయలూ వేరు వేరు లోకాలనుకుంటే మాత్రం పొరపాటు. 1995లో ఒక ప్రసిద్ధ పరీక్ష వచ్చింది. చుట్టూ పెద్ద వృత్తాలుంటే నడుమ బిళ్ళ చిన్నదిగా, చుట్టూ చిన్నవుంటే పెద్దదిగా కనిపించే భ్రమ ఒకటుంది. కన్ను మోసపోయినా వేళ్ళు అంతగా మోసపోవడం లేదని గుడేల్ వాళ్ళు చెప్పారు. తర్వాత ఫోల్కర్ ఫ్రాంజ్ వంటివారు కొలతలు సరిగ్గా జతచేస్తే వేళ్ళూ అంతే మోసపోతున్నాయన్నారు. ఆ వాదం ఏళ్ళతరబడి నడిచింది. డి.ఎఫ్. విషయంలోనూ థామస్ షెంక్, ప్రతిసారీ వేళ్ళకు వస్తువు తగలడం వల్ల వచ్చే సాయమే ఆమెను నడిపించిందేమో అని గట్టి ప్రశ్న వేశాడు. నా మట్టుకు నాకు రెండు పాయల మాట నిలిచేదిగానే కనిపిస్తుంది, అయితే గోదావరి డెల్టాలాగా నడుమ కాలువలు చాలా ఉన్నాయని గుర్తుపెట్టుకుంటేనే. పొగలు కక్కే కాఫీ గ్లాసును మనం అంచు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుంటాం. స్టీలు కాలుతుందన్నది ఆకారంలో లేదు, తెలిసిన సంగతి. ఆ తెలివి కింది పాయలోంచి వచ్చి చేతిని చేరాల్సిందే. డి.ఎఫ్. పనిముట్లను చక్కగా పట్టుకునేది గానీ, పిడి వైపు పట్టాలన్నది ఆమెకు తోచేది కాదు.

ఈ జ్ఞానం ప్రయోగశాలల్లోనే ఆగిపోలేదు. సుమారు 15 ఏళ్ళుగా కాళ్ళూ చేతులూ కదలని ఒకామె, మెదడులో అమర్చిన చిన్న పలక సాయంతో, యంత్రపు చేతిని తన తలపుతో నడిపి సీసాలోని కాఫీ తాగిన సంగతి 2012లో నేచర్‌లో వచ్చింది. ఆ పలక కండరాలకు ఆదేశాలిచ్చే భాగంలో ఉంది. 2015లో ఆండర్సన్ బృందం పరైటల్ భాగంలోనే పలకలు అమర్చి, ఎటు చేరాలన్న ఉద్దేశాన్ని నేరుగా చదివింది.

మాకు పనికొచ్చింది ఇంకో చిన్న విషయం. ఆప్టిక్ అటాక్సియా ఉన్న చాలామందికి, చూపు నేరుగా నిలిపిన వస్తువు బాగానే అందుతుంది. పక్కచూపుతో అందుకోబోతేనే తప్పుతుంది. పైగా 1999లో మిల్నర్, జానెరో బృందం ఒక రోగిలో మరో వింత చూసింది. చూపించాక 5 సెకన్లు ఆగి చెయ్యి చాపమంటే తప్పు తగ్గింది. ఆగితే డి.ఎఫ్.కు చేటు, ఈమెకు మేలు. ఆగినప్పుడు పై పాయ లెక్క చెరిగిపోయి, కింది పాయ జ్ఞాపకం చేతికి దారి చూపుతుందని వాళ్ళు భావించారు.

పెద్దమ్మకు ఈ పాయల గొడవంతా చెప్పలేదు. గ్లాసు ఎదురుగా పెట్టమని, తొందరపెట్టొద్దని మాత్రం డాక్టరు చెప్పారు. ఆవిడ తన పద్ధతి తనే కట్టుకుంది. గ్లాసు పెట్టి, చప్పుడు వినబడేలా వేలితో ఒకసారి తడుతుంది. "ఏమండీ, ముందు తల తిప్పి దాని వంక చూడండి. చూశారా? ఇప్పుడు తీసుకోండి." ఆయన తల తిప్పుతారు. కాసేపు చూస్తారు. చెయ్యి నెమ్మదిగా బయల్దేరుతుంది, సగం దారిలో వేళ్ళు తెరుచుకుంటాయి.